డాక్టరు గడప ముందు చెప్పులు

అమ్మ ఏది ఎంచుకోవాలన్నా ముందు జనాన్ని చూసేది. ఆళ్లగడ్డ సంతలో నలుగురు మూగిన గంప దగ్గరే వంకాయలు కొనేది. వంకాయలు బాగానే ఉండేవి. ఎనభైల మొదట్లో, కాస్త నడిస్తే ఆయాసం వస్తోందని నేను నంద్యాలకు తీసుకెళ్లినప్పుడు డాక్టర్నీ అలాగే ఎంచుకుంది.

ఒకే వీధిలో ఇద్దరు డాక్టర్లు. ఒకరి గడప ముందు చెప్పుల కుప్ప. రెండో చోట కాంపౌండరు స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఈయన గుండె జబ్బుల చదువు చదివినాడంట. బోర్డు మీద రాసుంది," అన్నాను, ఆ రెండో చోటు చూపించి.

"చదివితే ఏముంది నాయనా? ఆడ అంతమంది ఊరికే కూచున్నారా?"

చెప్పులున్న చోటే కూర్చున్నాం. పక్క బెంచీ నిండా దొర్నిపాడు వాళ్లు. దగ్గుతున్నది ఒక్క ముసలాయనే. మిగతా వాళ్లంతా తోడొచ్చినవాళ్లు.

"ఈ డాక్టరు మీకు ముందే తెలుసా?" అని వాళ్లలో ఒకాయన్ని అడిగాను.

"యాడ తెలుసన్నా? బస్సు దిగి వస్తాంటే చెప్పులు కనపడె. మంచోడే అయ్యుంటాడులే అనుకుంటిమి."

అమ్మ నవ్వింది. "ఇంగ మన చెప్పులు చూసి ఇంకొకరొస్తారు."

"పక్కాయన దగ్గరికి పోదామా?"

"వద్దులే. ఇంతసేపు కూచుంటిమి."

మందులు వాడింది. ఆ వేసవిలో కొంచెం తేరుకుంది. చలికాలంలో పోయింది.

పలకరించడానికొచ్చిన చిన్నాయన అరుగు మీద కూర్చుని, "ఆ బోర్డు డాక్టరు దగ్గరికి పోయింటే బతికేది. నేనప్పుడే అనుకున్యా," అన్నాడు. ఆ ఇద్దరు డాక్టర్ల సంగతి తిరిగొచ్చాక ఆయనకు చెప్పింది నేనే. అప్పుడు, "జనమున్న చోటికే పోయినారు, మంచి పని," అన్నాడు. ఇప్పుడు అబద్ధమాడుతున్నాడని నాకనిపించలేదు. ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. అమ్మ బతికుంటే ఆ మొదటి మాటే గుర్తుండేది. రెండో డాక్టరు ఏం చేయగలిగేవాడో మాత్రం మా ఇద్దరికీ తెలియదు. అది తెలుసుకునే దారేదైనా ఉందా అని చాలా రోజులు ఆలోచించాను. కనబడలేదు.

కొన్నాళ్లకు మోకాలి నొప్పి అంటే చిన్నాయన్ని నంద్యాలకు తీసుకెళ్లాను. బస్సు దిగగానే, "ఎవరి దగ్గర జనం ఎక్కువుంటారబ్బీ?" అన్నాడు.

"బోర్డు చూసి పోవాలంటివి కదా చిన్నాయనా?"

"అది గుండెకు. ఇది మోకాలు."

ఇద్దరం డాక్టర్లుండే వీధిలోకి తిరిగాం. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను గడపల ముందు నేలను చూస్తూ నడుస్తున్నాను. బోర్డులు ఆ తర్వాత చదివాను.