ఓబులేసు జాగా

మా వీధి చివర నాపరాళ్లు కోసే మిషను మధ్యాహ్నం అన్నాల వేళకు ఆగుతుంది. పొద్దున్నుంచీ చెవుల్లో తిరిగిన రొద ఒక్కసారిగా తెగిపోయి వీధంతా నోరు మూసుకున్నట్టవుతుంది. ఆ కాసేపూ నేను చేస్తున్న పని ఆపేస్తాను. పొయ్యి మీద కూర మాడినా సరే, ఆపేస్తాను. మద్దిలేటన్న దగ్గర పన్నెండేళ్లు ఉన్నదాన్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆయన పాట మీరు విని ఉండరు. రేడియోకు ఎక్కలేదు, సినిమాకు పోలేదు. కోయిలకుంట్ల దగ్గర పల్లెలో తమ్ముడు ఓబులేసుతో కలిసి భజన జట్టులో మొదలుపెట్టాడు. పాటలు తానే కట్టేవాడు. అన్న పాడితే తమ్ముడు వంత. వాళ్లకు పేరు తెచ్చింది వాన పాట. "యాడ పోతివే వానా, మా సేను మరిస్తివేమే" అని అన్న అడిగితే, "ఈడనే ఉండా, ఈడనే ఉండా" అని తమ్ముడు వాన తరఫున జవాబిచ్చేవాడు. ఆ జవాబు ముక్క ఓబులేసు కట్టిందేనట. తర్వాత నాపరాళ్ల గనిలో బండ జారి ఓబులేసు చనిపోయాడు. అన్న మాత్రం ఆ పాట మానలేదు. వంత రావలసిన చోట ఆగి, ఆ మాటలకు పట్టేంత సేపు ఊరుకుని, మళ్లీ అందుకునేవాడు.

ఆయన విడిచిన జట్లన్నీ ఆ ఖాళీ కోసమే విడిచాడు. భజన జట్టులో ఎవరో వంత అందుకున్నారు, మానేశాడు. వేంపల్లెలో పెళ్లి బ్యాండులో చేరితే, క్లారినెట్ వాయించేవాడు ఆ సందులో ఒక ముక్క వాయించాడు. యూనిఫాం విప్పి ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత కడపలో ఒక ఆర్కెస్ట్రాలో పెద్ద గాయకుడయ్యాడు. ఆడగొంతు పాటలకు నేను అక్కడే కొత్తగా చేరాను. ఒక పెళ్లిలో కీబోర్డు ఆయన ఆ ఖాళీని నింపేసరికి అన్న మైకు కింద పెట్టాడు.

"ఏమప్పా, అంతసేపు ఊరికే నిలబడితే జనం కరెంటు పోయిందనుకోరా?" అని ఓనరు కేకలేశాడు.

"ఊరికే యాడుండాదప్పా? మావోడు పాడతాండాడు కదా. వాని జాగాలో మీరు కూకుంటే వాడు యాడ కూకోవాల?" అన్నాడు అన్న.

ఎంత మామూలుగా అన్నాడో! అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. నడి ఎండాకాలంలో నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఆ రోజు నుంచి ఆయన ఒంటరిగా పాడటం మొదలుపెట్టాడు. తాళాలు వాయించడానికి మనిషి కావాలంటే నేను వెళ్లాను. ఆర్కెస్ట్రా వదిలి పిచ్చివాడి వెంట పోతావా అని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. ఏం చేయను, ఆయన పాటలంటే నాకు ప్రాణం. ఎక్కడికి పోయినా ఆయన మూడు కుర్చీలు అడిగేవాడు. మాకు రెండు, ఎడమవైపు ఇంకొకటి. మొదటి కచేరీ అయ్యాక నా మొహంలోకి చూస్తూ, "ఇన్నావా మ్మే?" అన్నాడు.

నాకేమీ వినపడలేదు. ఇనలేదని చెబితే నన్నూ వదిలేస్తాడేమోనని భయం. "ఇన్నా అన్నా" అన్నాను. ఆ అబద్ధం పన్నెండేళ్లు ఆడాను. ఒకసారి కచేరీ మధ్యలో ఖాళీ కుర్చీ వైపు చిరాగ్గా చూసి, "ఈ పొద్దు శ్రుతి తప్పుతాండాడు, జలుబు చేసిందేమో" అన్నాడు. నేను తలూపాను. సిగ్గులేనిదాన్ని, "అవునన్నా, గొంతు పట్టేసినట్టుండాది" అని కూడా అన్నాను!

చివరికి ఆయన గొంతే పోయింది. మంచం మీద పడుకుని, వాన పాట నన్ను పాడమన్నాడు. పాడాను. వంత దగ్గర ఆగాను. ఆ నిశ్శబ్దంలో ఆయన కళ్లు ఎడమవైపు తిరగడం చూసి తట్టుకోలేకపోయాను.

"అన్నా, నేను ఒక్కసారి కూడా ఇనలేదు. ఇన్నేండ్లూ నీకు అబద్ధం చెప్పినా" అని ఏడ్చేశాను.

"తెల్సులే మ్మే" అన్నాడు, గాలి తప్ప గొంతు లేని గొంతుతో. "నువ్వు ఇన్నానని సెప్పినప్పుడల్లా వాడు నవ్వుతాండె."

"మరి నన్ను పొమ్మనలేదేమన్నా?"

"ఇనకున్నా జాగా ఇడిసిపెడితివి. అది సాలు."

ఆ వారంలోనే అన్న పోయాడు.

ఇప్పుడు ఆయన పాటలు నేను ఒక్కదాన్నే పాడుతున్నాను. కుర్చీలు మాత్రం మూడే అడుగుతాను. పోయిన నెల వేంపల్లెలో ఒక బడిలో, పట్టపగలు, వాన పాట పాడుతూ వంత దగ్గర ఆగాను. ఎడమవైపు నుంచి "ఈడనే ఉండా" అని రెండు గొంతులు వినిపించాయి. ఒకటి నేను పన్నెండేళ్లు విన్న గొంతు. రెండోది ఎప్పుడూ వినని లేత గొంతు. పాట ఎలా ముగించానో నాకే తెలియదు.

కచేరీ అయ్యాక హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వచ్చి, "మధ్యలో అట్ల ఆగితిరి, ఏమన్నా ఇనపడిందామ్మా?" అని అడిగింది.

"ఏమీ ఇనపడలేదమ్మా. ఊపిరి తీసుకున్నా, అంతే" అన్నాను.

నా వెనక, రెండు ఖాళీ కుర్చీల్లోంచి, ఇద్దరు నవ్వారు.