పౌనా

తాండూరు స్టేషన్ ఎదురుగా మావారికి కాఫీ హోటల్ ఉండేది. వెనక గదుల్లో మా కాపురం, మధ్యలో వంటింటి కిటికీ. ఆయన ముందు నుంచి కేక వేస్తే, పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు కలిపి కిటికీలో పెట్టాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరిన ఆ చలికాలం పొయ్యి నా పాలబడింది. చంకలో పది నెలల పాప, దానికి విడవని దగ్గు.

నాది గుంటూరులో చదివిన బి.ఏ. నాన్న రైల్వే ఉద్యోగం వికారాబాదుకు మారడంతో ఈ సంబంధం కుదిరింది. ఆ చదువు కిటికీ దగ్గర ఎందుకూ కొరగాలేదు. 'ఏక్ మే దో' అంటే ఒక కాఫీ రెండు కప్పుల్లో. 'ఖాలీ చాయ్' అంటే ఖాళీ కప్పు కాదు, తినడానికేమీ లేకుండా ఉత్త టీ. రాతిగనిలో పనిచేసే కన్నడం ఆయన ఒకరోజు 'సక్కరె కమ్మి' అన్నాడు. కమ్మగా కావాలేమోనని ఇంకో చెంచా చక్కెర వేశాను.

"ఆయన తక్కువెయ్యమన్నడు, నువ్వు పాకం వట్టినవ్" అని మావారు పడి పడి నవ్వారు. నాకు నవ్వే ఓపిక లేదు. మూడు వారాలుగా నిద్ర లేదు.

పాపను హకీం గారికి చూపించాం. తేనె రంగు మందు సీసా ఇచ్చి, "దినానికి మూడుసార్లు, పౌనా చెంచా" అన్నారు.

"సమజైందా?" అని మావారు అడిగారు.

"ఆ మాత్రం ఉర్దూ నాకూ వచ్చు" అన్నాను, పౌరుషంగా.

పావు చెంచా కొలిచి, బొట్టు ఎక్కువ కాకుండా వారం పోశాను. దగ్గు తగ్గలేదు. దగ్గినప్పుడల్లా పాప ముఖం ఎర్రబడి, నా జాకెట్టు గట్టిగా పట్టుకునేది. ఈ మందు పనిచేయదు, హైదరాబాదు తీసుకుపోదామని పోరుతూనే ఉన్నాను.

మాకు రోజూ వచ్చే కందుల వ్యాపారి యాత్రకు పోయి అప్పుడే తిరిగొచ్చాడు. "ఏక్ పౌనా!" అని మావారి కేక. కిటికీ దగ్గర నేను ఆ మాట వినడం అదే మొదలు. పావు కప్పు పోసి పెట్టాను. ఆ వ్యాపారి కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ఏందమ్మా, గిది నాకా, చీమలకా?"

"పౌనాయే అడిగారు కదండీ?"

గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్న అత్తమ్మ అందుకుంది. "అయ్యో పిల్లా, పౌనా అంటె పావు గాదే, ముప్పావు. కాలేజీల గిది చెప్పలేదా?"

"పోనీ తియ్యమ్మా, ఇంకో రెండు పావులు పొయ్యి, సరిపోతది" అన్నాడు వ్యాపారి.

నేను అప్పటికే లోపలికి పరుగెత్తాను. వారం వాడిన సీసా ఇంకా మెడ దాకా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ అనుమానం రాలేదు.

"అత్తమ్మా, పాపకు వారం నుంచీ పావే పోస్తున్నాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇగ నీ అంతట నువ్వు వొయ్యకు. హకీం సాబును అడుగు పో. కాఫీ నేను జూస్త" అంటూ మోకాళ్లు పట్టుకుని లేచింది.

ఈసారి చెంచా కూడా తీసుకెళ్లాను. మందు పోసి చూపించమన్నాను. హకీం గారు ముప్పావు చెంచా పోసి చూపించారు.

నాలుగో రోజు మధ్యాహ్నం పాప రెండు గంటలు దగ్గకుండా పడుకుంది. నేను మాత్రం డికాక్షన్ పోస్తూ పోస్తూ ఆగి లోపలి గదివైపు చెవి పెడుతూనే ఉన్నాను.

"పౌనా ఏమాయె?" అని కిటికీ అవతలి నుంచి మావారి కేక.

"ముప్పావే కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలె?"

ఆయన అవుననేదాకా పోయలేదు.