దుప్పటి చాటు ఓటు

బట్టల కొట్లో గుడ్డ తాను విప్పినప్పుడు వచ్చే గంజి వాసన ముక్కుకు తగిలితే చాలు, తాడేపల్లిగూడెంలో మా స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ మస్తాన్ గారూ, ఆయన మిషను పక్కన కూర్చుని గుండీలు కుడుతూ పాటలు పాడే కూతురు రేష్మా గుర్తొస్తారు. ఆ రేష్మా టీవీ పాటల పోటీలో చివరి ఇద్దరిలో నిలిచిన వానాకాలం, కొల్లేటి అంచున ఉన్న మా ఊరు తిండీ నిద్రా మానేసినంత పని చేసింది.

నీళ్ళు రోడ్డు దాకా ఎక్కి, చెరువు గట్ల మీద కప్పలు గోల పెడుతుంటే, వేయించిన చిన్నరొయ్యల ఘుమఘుమల మధ్య మా అరుగు నిండా జనం. గెలిపించేది జనం పంపే మెసేజీలే. సెల్‌ఫోను ఉన్నది మా నాన్నకి, మెసేజీ కొట్టడం వచ్చింది ఆరో తరగతి చదివే నాకు. ఒక్కళ్ళే ఎన్నైనా పంపొచ్చని నేను ఎంత మొత్తుకున్నా మా మామ్మ ఒప్పుకోలేదు.

"మనిషికి ఒక్కటే ఓటు. అదీ చాటుగా ఎయ్యాలి. పంచాయితీ ఓట్లప్పుడు చూళ్ళేదేంటే?"

అందరూ తలలూపారు. దండెం మీద దుప్పటి కట్టారు. మెసేజీలో చివరి అంకె తప్ప మిగతాదంతా నేను కొట్టి ఇస్తే, ఒక్కొక్కరే దుప్పటి వెనక్కి వెళ్ళి, రేష్మాకైతే మూడు, అవతలి కుర్రాడికైతే ఐదు నొక్కి పంపి రావాలి. ఐదు నొక్కే ద్రోహి మా ఊళ్ళో ఎవరుంటారని నా ధీమా. చేపలు పట్టి వచ్చినవాళ్ళు తడి బట్టలతోనే వరసలో నిలబడ్డారు. ఓటేసి వచ్చిన తాతగారొకరు "వేలికి సిరా పెట్టరాండీ?" అని అడిగారు.

వారం తిరిగేసరికి రేష్మా ఓడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్లోంచి వెళ్ళిన మెసేజీలన్నీ తీసి చూశాను. అన్నీ మూళ్ళే, ఒక్కటి తప్ప. అది మొట్టమొదటిది. దుప్పటి వెనక్కి మొట్టమొదట వెళ్ళింది మా మామ్మే.

రెండు రోజులు ఆవిడతో మాట మానేశాను. మూడోనాడు రేష్మా, మస్తాన్ గారూ మిఠాయి పొట్లం పట్టుకుని, మా ఊరికి దణ్ణం పెట్టుకుందామని బస్సు దిగారు. నేను నోరు తెరిచేలోపే మామ్మ అందరి ముందూ చెప్పేసింది.

"నేను నీకెయ్యలేదమ్మా. తల్లి లేదని ఆ కుర్రాడు ఏడ్చేడు కదా, నా చెయ్యి అటే పోయింది."

రేష్మా పకపకా నవ్వి మామ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"నేనూ వాడికే వేశానండీ, మామ్మగారూ!"

ఇక నవ్వులే నవ్వులు. దీపాలు పెట్టేదాకా రేష్మా మా అరుగు మీద పాడుతూనే ఉంది. ఓడిపోయిన మనిషి అంత హాయిగా పాడగా నేను మళ్ళీ వినలేదు.

ఇప్పుడూ పోటీలున్నాయి. ఒక్కొక్కరూ సోఫాలో కూర్చుని యాభయ్యేసి ఓట్లు గుద్దేస్తున్నారు, వరసలో నిలబడేవాళ్ళు లేరు. మామ్మా లేదు. ఎవరు గెలిచినా నాకిప్పుడు పట్టింపు లేదు గానీ, ఆవిడతో మాట్లాడకుండా పారేసుకున్న ఆ రెండు రోజులే తిరిగి కావాలనిపిస్తుంది.