అడ్డంగా ఊపిన బ్యాటు

బేస్‌బాల్ ఆడతానని నేను కలలో కూడా అనుకోలేదు. తిరుపతి కాలేజీలో చేరిన ఏడాది అమ్మాయిల జట్టుకు ఒకరు తక్కువయ్యారు. నాకు క్రికెట్ వచ్చని ఎవరో ఆటలు నేర్పే పీడీ సారు చెవిన వేశారు. ఆయన పిలవగానే సరేనన్నాను. హాస్టలు మెస్సులో అప్పటికి నెల రోజులుగా గోడవైపు తిరిగి ఒక్కదాన్నే తింటున్నాను మరి. జట్టులో మిగతా ఎనిమిది మంది ఉంటారు, ఒక్కరైనా పక్కన కూర్చోకపోతారా అన్నదే నా ఆశ.

క్రికెట్ నేర్పింది మా నాయన. చిత్తూరులో ఇంటి వెనక సందులో, పొద్దున్నే, షాపు తెరవకముందు. "మోచెయ్యి పైకెత్తు పాపా. బ్యాటు నిలువుగా రావల్ల. అడ్డంగా ఊపినావో, సూడు!" అని బెదిరించేవాడు. నేను ఇంటర్‌లో ఉండగా గుండెపోటుతో పోయాడు. చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశారు. షాపు బాబాయి చూసుకుంటున్నాడు. నాకు మిగిలింది ఆ నిలువు బ్యాటే.

పీడీ సారుకు సరిగ్గా అదే నచ్చలేదు.

"ఏమ్మా, ఈడ వికెట్లు యాడుండాయని కాపాడతా ఉండావు? అడ్డంగా ఊపు!"

నడుమెత్తు గొట్టం మీద బంతి పెట్టి కొట్టమన్నారు. గొట్టాన్ని కొట్టాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి అందరూ వెళ్లాక గ్రౌండులో ఒక్కదాన్నే మిగిలేదాన్ని. బరువు వెనక కాలి మీద ఉంచాలి, ముందు కాలు చిన్నగా వేయాలి, నడుము తిరగాలి, చేతులు ఆఖరున రావాలి. నా చేతులేమో ముందే పరిగెత్తేవి. మోచెయ్యి దానంతటదే లేచేది. లేచినప్పుడల్లా నాయన గుర్తొచ్చేవాడు. "కాస్త పక్కకుండు నాయనా" అని ఒకరోజు పైకే అనేసి, ఏడ్చాను.

మూడో వారంలో నడుము ముందు తిరిగింది. వెనక మడమ లేచింది. బంతి తగిలినట్టు చేతులకు తెలియనే లేదు, కంచె దాకా పోయింది. జట్టులో చోటొచ్చింది. మెస్సులో ఒకమ్మాయి నా పక్కన కూర్చోసాగింది, ఎంతసేపూ ఫోను చూసుకుంటూనే అనుకోండి.

సెలవులకు ఇంటికెళితే, అమ్మ అటక మీది బ్యాటు దించింది. పుట్టి బుద్ధెరిగి బంతి పట్టని మనిషి, కుచ్చిళ్లు దోపుకుని సందులో నిలబడింది.

"ఒక్కతూరి ఆడు పాపా. నువ్వు ఆడతా ఉంటే మీ నాయన నిలబడినట్టే ఉంటాది. సూసి శానా దినాలాయ."

మెల్లగా విసిరింది. నిలువుగానే ఆడాలనుకున్నాను, ఒట్టు. నడుము తిరిగిపోయింది. బంతి ఎదురింటి గోడకు తగిలి కాలువలో పడింది. అమ్మ తీసి, కొంగుతో తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ అదే. మూడోసారీ అదే.

"బాగానే కొడతా ఉండావులే" అని బంతి నా చేతిలో పెట్టి అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు మిగిలిన ఆ కాస్త నాయనను నేనే పోగొట్టాను.