కుడి బుగ్గ మీది మంగు

పదకొండేళ్ళపాటు ప్రతి ఉదయం పది గంటలకు ఆమె తన ముఖంలో సగాన్ని ముస్తాబు చేసుకుంది. మిగతా సగాన్ని ఉన్నదున్నట్టు వదిలేసింది. ఇందులో మతిమరుపు లేదు, బద్ధకం అంతకంటే లేదు. నాలుగంతస్తుల షాపులో, కింది అంతస్తున, వీధి వైపు గాజు గోడ పక్కన ఉన్న మేకప్ కౌంటరు ఆమెది. రాసుకుంటే ఎలా ఉంటుందో, రాసుకోకపోతే ఎలా ఉంటుందో ఒకే ముఖం మీద చూపించడం అక్కడి పద్ధతి. ఎడమ సగం రాసుకున్నది, కుడి సగం రాసుకోనిది. ముక్కు సరిహద్దు.

పక్క కౌంటరులో సెంట్లు అమ్మే ఆయన ఆమెకు సగమక్క అని పేరు పెట్టాడు. ఆ పేరు నాలుగంతస్తులూ పాకి, చివరికి హాజరు పుస్తకంలో తప్ప అసలు పేరు ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో అత్తగారు ఇంకో అడుగు ముందుకు వేసింది. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఏ బుగ్గ ముందు కనిపిస్తే ఆ బుగ్గను బట్టి పలకరించేది. కుడి బుగ్గయితే, "వచ్చావా, టీ పెట్టనా" అనేది. ఎడమ బుగ్గయితే, "ఎవరు కావాలమ్మా?" అని అడిగేది.

ఆమె పని మాత్రం చూసి తీరవలసిందే. వచ్చిన మనిషిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు తేమ పట్టి ఉంచే క్రీము రాసేది. అది ఇంకేదాకా కబుర్లు. తరువాత సన్‌స్క్రీను. చూపుడు వేలు పొడవున ఒక గీత, నడిమి వేలు పొడవున ఒక గీత పిండి, ముఖానికీ మెడకూ పట్టించేది. మళ్ళీ ఆగడం. జనానికి ఈ ఆగడమే చేతకాదు. బస్సు కదిలిపోతున్నట్టు ఫౌండేషను సీసా మీదికి చెయ్యి చాస్తారు. కింది పొర ఆరకుండా రుద్దితే రాసినదంతా రబ్బరు పొడిలా ఉండలు కట్టి లేచి వస్తుంది. "రుద్దకండమ్మా, అద్దండి" అని ఆమె నిద్రలో కూడా అంటుందని భర్త చెప్పేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మాటలు తక్కువ, వినడం ఇంకా తక్కువ. ఇంట్లో ఆమె ఏం చెప్పినా ఎవరో ఒకరు మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. కౌంటరు దగ్గర మాత్రం లాయర్లూ బ్యాంకు ఆఫీసర్లూ కూడా గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు వినేవాళ్ళు. అందుకే ఆ మూడడుగుల బల్ల అంటే ఆమెకు ప్రాణం.

అందరికీ రెండు వేళ్ళని చెప్పే మనిషి తను మాత్రం ఒక్క వేలే పిండుకునేది. సగం ముఖానికి అంతకంటే ఎందుకు? ఇంటికి ఒక ట్యూబు కొనుక్కోవాలని ఏనాడూ తోచలేదు. రోజంతా నీడపట్టున ఉండే ఉద్యోగం కదా, ఎండ ఎక్కడిది అనుకుంది. మధ్యాహ్నం రెండు దాటితే గాజు గోడలోంచి ఎండ తిన్నగా వచ్చి ఆమె ముఖం మీద వాలేది. ఏసీ చల్లదనంలో దాని వేడి తెలిసేది కాదు, అంతే.

ఒక ఆదివారం అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ, ఆ బుగ్గకేదో అంటింది, తుడుచుకోమంది. తుడుచుకుంది. పోలేదు. సబ్బుతో కడిగింది. పోలేదు. అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుని మరీ పరీక్షించింది.

"మంగు. కుడి వైపే వచ్చింది చూడు. మీ షాపు పద్ధతి దానిక్కూడా తెలిసినట్టుంది."

సరిగ్గా అప్పుడే షాపుకు కొత్త ఫ్లోర్ మేనేజరు వచ్చింది. మర్యాదస్తురాలు. ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మీ అనుభవం మాకు చాలా అవసరం అంది. మచ్చ మాత్రం అవసరం లేదంది. నెలాఖరుదాకా చూద్దామనీ, అప్పటికీ కనిపిస్తే సెల్లారులో స్టాకు లెక్క చూసుకోవచ్చనీ, అక్కడ పని కూడా తేలికేననీ చెప్పింది.

మచ్చ దాచడం సగమక్కకు చిటికెలో పని. మర్నాడే కుడి సగానికి కూడా రాసుకుంది. రెండు బుగ్గలూ ఒక్క తీరుగా నిగనిగలాడాయి. ఇక చూపించడానికి తేడా ఎక్కడుంది? రాసుకోకపోతే ఎలా ఉంటుందని అడిగినవాళ్ళకు అద్దం అందించవలసి వచ్చింది. వాళ్ళు నొచ్చుకుని లేచి వెళ్ళిపోయారు. "సగమక్కా, నువ్వు పూర్తయ్యాక మా వైపు కూడా ఎవరూ రావడం లేదు" అన్నాడు సెంట్ల ఆయన.

పది రోజుల తరువాత ఒకనాడు బస్సు ఆలస్యమై, ఎడమ సగం అయ్యేసరికే షాపు తలుపులు తెరిచారు. మొదట వచ్చిన బ్యాంకావిడ ఆమెను చూసి, ఆ రెండో వైపు ఏమైందని అడిగేసింది. కంగారులో సగమక్క నోట నిజం జారింది.

"ఏమీ కాలేదండీ. ఈ వైపు పదకొండేళ్ళు సన్‌స్క్రీను రాశాను. ఆ వైపు రాయలేదు."

బ్యాంకావిడ ఎడమ బుగ్గ చూసింది, కుడి బుగ్గ చూసింది, గాజు గోడలోంచి బయట ఎండ చూసింది. అక్కడికక్కడే రెండు ట్యూబులు కొంది. సాయంత్రానికి బ్యాంకులో సగం మందిని వెంటబెట్టుకొచ్చింది. నెలాఖరుకల్లా సన్‌స్క్రీను అరలన్నీ ఖాళీ.

మేనేజరు మళ్ళీ పిలిచింది. ఈసారి టీ కూడా తెప్పించింది. ఆ వైపు పొరపాటున కూడా ఏమీ రాసుకోవద్దని బతిమాలినట్టు చెప్పింది. మర్నాడు ఒక దీపం తెప్పించి, కుడి బుగ్గ మీద వెలుగు పడేలా తనే స్వయంగా తిప్పి పెట్టించింది.

ఆ వెలుగులోనే సగమక్క అద్దంలో చూసుకుంటే మచ్చ కంటి కిందికి పాకినట్టు కనిపించింది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎండలో తిరిగే పనా అని ఆయన అడిగాడు. కాదండీ, సన్‌స్క్రీను అమ్మే పని అని చెప్పింది. రాత్రికి ఒక క్రీము రాసిచ్చి, పగలు రెండు వైపులా రాసుకోకపోతే నుదుటి మీదికి కూడా పాకుతుందని చెప్పాడు. ఎంత రాసుకోవాలో కూడా రెండు వేళ్ళు చూపించి వివరించాడు. ఆమె గడ్డం పైకెత్తి, మధ్యలో అడ్డు రాకుండా మొత్తం వింది.

రాస్తే బుగ్గ దక్కుతుంది, కౌంటరు దక్కదు. రాయకపోతే కౌంటరు దక్కుతుంది. ఆలోచించి ఆలోచించి, నీళ్ళలా ఇంకిపోయి జాడ తెలియని రకం సన్‌స్క్రీను ఒకటి కొని, ఇంట్లోనే తలుపు వేసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. రాసినట్టు ఎవరికీ తెలియలేదు. కానీ దాని ఫలితాన్ని దాచేదెలా? ఏడెనిమిది నెలలకు మచ్చ పలచబడి, ఉందా లేదా అన్నట్టయింది. మరొకరయితే స్వీట్లు పంచేవారు. సగమక్కకు చెమటలు పట్టాయి.

ఒక సోమవారం పొద్దున్నే కనుబొమల పెన్సిలు తీసి, బుగ్గ మీద మంగు వేసుకుంది. రెండు ఛాయలు కలిపి, స్పాంజితో అద్ది, అంచుల్ని చిటికెన వేలితో చెదరగొట్టింది. సొంత మచ్చకంటే ఇదే సహజంగా కుదిరింది. ఊళ్ళోవాళ్ళు డబ్బిచ్చి దాచుకునేదాన్ని కోడలు కష్టపడి పెట్టుకోవడం చూసి అత్తగారు మళ్ళీ కళ్ళజోడు తెచ్చుకుంది. నాలుగు రోజుల్లో ఆవిడే తనిఖీ అధికారి అయింది.

"ఇంకాస్త కిందికి. నిన్న ముక్కు దగ్గరుంది. రోజుకోచోట తిరిగితే అనుమానం రాదూ?"

"సరే అత్తయ్యా, మీరు వేలు పెట్టి చూపించండి" అని కోడలు బుగ్గ చాపేది.

అలా రెండు నెలలు నడిచింది. ఒక మధ్యాహ్నం స్కూలు బస్సు నడిపే ఆవిడ వచ్చింది. కిటికీ వైపు బుగ్గంతా మంగు, అసలైనది. రుమాలుతో ముఖం సగం కప్పుకుంది. పిల్లలు బస్సుతో దిగే ఫోటోలలో తను నిలబడడం మానేసిందట. కుర్చీలో కూర్చుని రుమాలు తీసి, గొంతు తగ్గించి అడిగింది.

"మీకూ ఉంది కాబట్టి అడుగుతున్నాను. ఇది పోతుందా? అమ్మడానికి చెప్పకండి."

సగమక్క దూదికి మేకప్ తుడిచే నీళ్ళు అద్దుకుంది. కుడి బుగ్గ మీది మంగును పూర్తిగా తుడిచేసింది. అడుగున లేత నీడ మిగిలింది.

"ఇది నేను గీసుకున్నది. అసలుది ఈ మాత్రానికి రావడానికి పది నెలలు పట్టింది. ఈ ట్యూబు ఒక్కటే కొంటే పోదండీ. ముందు డాక్టరుకి చూపించండి. రాత్రి ఆయన రాసింది రాయండి, పగలు ఇది రాయండి. అయినా పూర్తిగా పోతుందని నేను చెప్పలేను."

డ్రైవరావిడ అన్నిటికంటే చిన్న ట్యూబు ఒకటి కొనుక్కుని, రుమాలు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. వెనక మేనేజరు నిలబడి ఉంది.

గదిలో ఈసారి టీ రాలేదు. కానీ మేనేజరు కోప్పడలేదు. గీసుకోవడం తప్పని తను అననంది. అది పనితనం అంది. "కానీ కొనడానికి వచ్చిన మనిషి ముందు తుడిచేస్తే ఎలాగండీ?" అంది, నిజంగానే బాధపడుతూ.

మర్నాటి నుంచి సెల్లారు. కిటికీ లేదు, ఎండ లేదు. అట్టపెట్టెల మధ్య ఒక ట్యూబులైటు, ఒక స్టూలు. ఇప్పుడు ముఖం నిండుగా ఉంది, చూసే నాథుడే లేడు అంది అత్తగారు. ఆ సాయంత్రం ఏ బుగ్గ చూసినా టీ పెడతానంది.

మూడో రోజు కౌంటరులో కొత్తగా వేసిన అమ్మాయి చేతిలో కనుబొమల పెన్సిలు పట్టుకుని మెట్లు దిగివచ్చింది. బుగ్గలు రెండూ అద్దంలా ఉన్నాయి.

"మేనేజరు మేడమ్ పంపారక్కా. నా కుడి బుగ్గకి మచ్చ వెయ్యాలట. మీకు తప్ప ఇంకెవరికీ కుదరదంటున్నారు."

సగమక్క ఆ అమ్మాయిని ఒక పెట్టె మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని పైకెత్తింది. క్రీము రాసి ఆగింది. రెండు వేళ్ళ పొడవున సన్‌స్క్రీను పిండి రెండు బుగ్గలకూ పట్టించి, మళ్ళీ ఆగింది. ఆ తరువాత పెన్సిలుకు మూత పెట్టి తిరిగి చేతిలో పెట్టింది.

"ఇక వెళ్ళు."

"మరి మచ్చ?"

"టైము పడుతుందని చెప్పు. ఎన్నాళ్ళని అడిగితే, పదకొండేళ్ళని చెప్పు."