నేను మార్చిన మాట

మా ఇంట్లో దానికి పేరు ‘చెయ్యి పట్టుకోవడం’. కల్లూరులో మా చిన్నమ్మ కుట్టు మిషను నేర్చుకోవడానికి వెళ్లి, ఒకరోజు మధ్యలోనే తిరిగొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే, ఎవడో చెయ్యి పట్టుకున్నాడని అమ్మ చెప్పింది. ఆ మాత్రానికి ఇంత ఏడుపెందుకని నాకు భలే విసుగొచ్చింది. పెద్దయ్యాక బస్సులో నాకు జరిగినదానికీ, నా స్నేహితురాలికి సొంత బావ చేసినదానికీ మేమూ ఆ మాటే వాడుకున్నాం. మాకు ఇంకో మాట నేర్పినవాళ్లు లేరు.

రెండు వేల సంవత్సరం దాటాక మణుగూరు అవతల, అడవి అంచు ఊళ్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. పిల్లలకు తెలుగు రాదు, నాకు కోయ రాదు. ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పారో గానీ, మూడేళ్లకు నేను వాళ్ల మాట గడగడా మాట్లాడేదాన్ని. దవాఖానాకైనా మండలాఫీసుకైనా ఊళ్లో ఆడవాళ్లు నన్నే తోడు తీసుకుపోయేవారు. నాకది గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు.

బీడీలు చుట్టే తునికాకు కోతల రోజులవి. ఒక పొద్దున ఒకటో తరగతి పిల్లవాడి తల్లి బడికి వచ్చింది. ఆమెకు ఇరవై మూడేళ్లుంటాయేమో. ముందు రోజు ఆకు కట్టలు అప్పజెప్పడానికి కల్లానికి పోతే, ఆకు తీసుకునే కల్లేదారు మిగతావాళ్లను పంపించేసి ఆమెను ఆపాడు. ఆ తర్వాత ఏం చేశాడో ఆమె తన భాషలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఏడవలేదు. వాడు మళ్లీ ఈ ఊరికి రాకూడదని, తన చెల్లెలు కూడా ఆ కల్లానికే పోతుందని, కేసు పెట్టాలని అంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు, ఇద్దరు కానిస్టేబుళ్లు, భూమి తగాదా మీద వచ్చిన నలుగురు మగవాళ్లు ఉన్నారు. ఆమె నాకు చెప్పినట్టే, ఒక్క మాటా తగ్గించకుండా చెప్పింది. అందరూ నా నోటి దిక్కు చూశారు.

“ఏందమ్మా, ఏమంటుంది?” అన్నాడు రైటరు.

‘చెరిచాడు’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. అంతమంది ముందు ఆ మాట అంటే అది నాకే జరిగిందనుకుంటారేమోనన్నంత సిగ్గు ముంచుకొచ్చింది.

“చెయ్యి పట్టుకున్నడట సార్,” అన్నాను.

“గింతేనా?”

“అవ్ సార్. చెయ్యి పట్టి గుంజిండట.”

ఆయన అదే రాసి చదివి వినిపించాడు. తెలుగు అర్థం కాక ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె వేలిముద్ర వేసింది.

మన మాటలు చూడండి. చెడిపోయింది, పాడైంది, మానం పోయింది. అన్నీ ఆమెకే జరిగాయి, చేసినవాడు ఎక్కడా కనబడడు. వాడు కనబడే మాట ఒకటుంటే, చదువుకున్న నా నోటికి అది రాలేదు. చదువు లేని ఆమె మాత్రం తన భాషలో నలుగురిలో చెప్పగలిగింది.

ఆమెను దవాఖానాకు పంపలేదు. చెయ్యి పట్టుకుంటే పరీక్షలెందుకు? కల్లేదారును అదే రోజు పూచీకత్తు మీద వదిలేశారు. నాలుగో రోజుకల్లా వాడు కల్లంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిరిగి వెళ్లి సరిచేయొచ్చు కదా అని మీరడగొచ్చు. ఒకసారి స్టేషను గేటు దాకా వెళ్లాను కూడా. నిజం చెప్పాలంటే ముందు నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఉద్యోగం, మా ఆయన, పరువు, అన్నీ గుర్తొచ్చాయి. పిరికిదానికి సాకులు తక్కువా? వచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

రెండేళ్లకు కేసు కోర్టులో విచారణకు వచ్చింది. ఈలోగా ఆమె పట్టుబట్టి నా దగ్గరే తెలుగు నేర్చుకుంది. “దానికి తెలుగులో ఏమంటరక్కా?” అని ఒకరోజు సూటిగా అడిగింది. బడి గదిలో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి చెప్పగలిగాను. కోర్టులో ఆమె ఆ మాటను అందరికీ వినబడేలా గట్టిగా అంది. అవతలి లాయరు కాగితం ఎత్తి చూపించాడు.

“ఆ రోజు చెయ్యి పట్టుకున్నడన్నవు. ఇయ్యాల ఇంకోటంటున్నవు. రెంట్ల ఏది అబద్ధం?”

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. వెనక బెంచీ మీద నేను తల దించుకున్నాను. కొన్నాళ్లకు కేసు కొట్టేశారు.

సాక్ష్యం చెప్పిన రోజే కోర్టు బయట ఆమె నన్ను ఆపింది. “అక్కా, నేను చెప్పింది చెప్పినట్టే చెప్పినవు గదా?”

“అవ్, చెప్పిన,” అన్నాను.

“అయితే ఆ రైటరే మార్చి రాసిండు,” అంది. ఆ రైటరు ఎన్ని తప్పులు చేశాడో నాకు తెలియదు, ఇది మాత్రం ఆయనది కాదు. దారి పొడుగునా ఆమె ఆయన్ను తిట్టింది, టీచరమ్మ ఒక్కతే తన దిక్కు నిలబడిందని బస్సులో పక్కావిడకు చెప్పింది. నాకు చచ్చిపోవాలనిపించింది. అయినా చెప్పలేదు.

మరుసటి వేసవిలో కూడా కల్లం ఆ కల్లేదారు చేతిలోనే ఉంది. ఇంకే పనీ దొరక్క చెల్లెలు మళ్లీ ఆకు కోతకు పోయింది. ఒక మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరూ మా బడి వరండాలోకి వచ్చారు. చెల్లెలి చీర కొంగు చిరిగి ఉంది. ఆ పిల్ల అక్క వెనక నుంచి ముందుకు రావడం లేదు.

అక్క ఆ పిల్లను నా ఎదురుగా కూర్చోబెట్టింది. తల నిమిరి, “భయపడకు, టీచరక్కకు చెప్పు. ఒక్క మాట పొల్లు పోకుంట స్టేషన్ల చెప్తది,” అంది.