గురువారం మాత్ర

మొన్న సంగారెడ్డిలో నా బీపీ మందుల కోసం ఒక మందుల షాపు ముందు నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, అన్నీ ఒక పక్కకే వాలిపోయి ఉన్నాయి. కౌంటర్లో ఉన్నావిడ చిన్న పసుపు మాత్రల స్ట్రిప్పు కవర్లో వేసి, పైన ‘వారానికి ఒక్కటే’ అని రాసి, ఆ మాట చుట్టూ పెన్నుతో రెండుసార్లు గీసింది. అది చాలదన్నట్టు ఏ రోజు వేసుకుంటావని అడిగి ఆ రోజు పేరు కూడా రాసింది. వెనకాల ఎవరో జల్దీ కానియ్యమని విసుక్కున్నారు గానీ, నాకు మాత్రం ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ పసుపు మాత్ర సంగతి మా ఇంట్లోవాళ్ళకి బాగా తెలుసు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరులో ఒక కార్ఖానాకి ఫిట్టరుగా వచ్చాడు. అక్కడ ఒక్కో కార్ఖానాకి ఒక్కో రోజు సెలవు. ఆయనకి గురువారం వీక్లీ ఆఫ్. అందుకని మా ఇంట్లో ఆదివారానికి ఏ గౌరవమూ లేదు. తలంట్లు, కోడికూర, సినిమా అన్నీ గురువారమే. నాకేమో ఆ రోజు బడి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గిన్నెలో మెడముక్క మిగిలేది, ఆ కష్టం ఇప్పటికీ మనసులో ఉంది. అమ్మకి నలభై దాటాక కీళ్లవాతం పట్టుకుంది. మామూలు మోకాళ్ళ నొప్పి కాదు, పొద్దున లేచాక గంటసేపు పిడికిలి మూసుకోని రకం. డాక్టరు వారానికొక మాత్ర రాస్తే, నాన్నకి ఆఫ్ ఉన్న రోజు వేసుకుంటానని, అలాగైతే మరిచిపోయే పనే ఉండదని తేల్చేసింది. తర్వాత నాన్న రిటైరయ్యాడు, పోయాడు కూడా. అమ్మ మాత్రం గురువారం మాత్రని వదల్లేదు.

మేముండేది పటాన్‌చెరు పక్కనే చిట్కుల్‌లో. మొదట్లో కిరాయికున్న ఇంటి పక్క ప్లాటే కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం కాబట్టి, పాత ఇంటి యజమానురాలు మాకు పక్కింటావిడ అయింది. అయినా మా ఇంటిల్లిపాదీ ఆమెని ‘ఇంటామె’ అనే అనేవాళ్ళం. ఆ ఊరి రైతు కుటుంబం. చదువు లేదు గానీ కళ్ళు చురుకు. మా గురువారం ఆమె నోట బేస్తారం. అమ్మకంటే నాలుగైదేళ్ళు చిన్న. మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఉంది. పప్పుగిన్నెలు, కరివేపాకు రెమ్మలు, ఊళ్ళో కబుర్లు అన్నీ ఆ గోడ మీదుగానే ప్రయాణం చేసేవి.

నా సంగతి చెప్పాలంటే కాస్త సిగ్గేస్తుంది. ముప్ఫై ఏళ్ళు మందుల కంపెనీలో, అందులోనూ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేశాను. బెల్టు మీద పరుగెత్తే స్ట్రిప్పుల్లో ఒక్క మాత్ర తక్కువున్నా నా కన్ను పట్టేసేది. ఆ పేరు నాకు కంపెనీలో ఉండేది, ఇంట్లో కూడా నేనే చెప్పుకునేవాణ్ణి.

అమ్మకి డెబ్బై దాటాక ఒళ్ళు బాగా సన్నబడింది. కుర్చీలోంచి లేవాలంటే రెండుసార్లు ప్రయత్నించాలి. కుళాయి తిప్పలేకపోయేది. స్ట్రిప్పులోంచి మాత్ర నొక్కి తీయలేకపోయేది. అందుకని ఇంట్లో ఎవరుంటే వాళ్ళని తీసిమ్మనేది. జంతికలు చేయడం మానేసింది, చేతులు రావట్లేదంది. బంధువులకి ఫోన్లు మానేసింది, వేళ్ళు నొక్కలేకపోతున్నానంది. మేమూ పాపం చేతులే కదా అనుకున్నాం. జంతికల పిండి పాళ్ళు మరిచిపోయిందని, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఊరుకుంటోందని మాకు తట్టనే లేదు. ఒకరోజు నాన్నకి ఇవాళ ఏ షిఫ్టు అని అడిగితే, నిద్రమత్తులో అడిగింది లెమ్మనుకున్నాం.

ఆ తర్వాత అమ్మ తిండి తగ్గించేసింది. మజ్జిగన్నం కూడా మంటనేది. మూడు వారాల్లో గోడ పట్టుకుని నడిచే స్థితికొచ్చింది. వయసు మీదపడిందని మా ఆవిడా నేనూ ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. ఒక గురువారం పొద్దున ఇంటామె అంబలి తెచ్చింది. ఒక్క గుక్కకే అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటామె నోరు తెరవమని చూస్తే లోపలంతా పుళ్ళు. లేచి, ఎప్పటిలా అమ్మకి మాత్ర తీసివ్వడానికి స్ట్రిప్పు చేతిలోకి తీసుకుంది. తీసుకుని మిగిలిన మాత్రలు వేలితో లెక్కపెట్టింది. జనరల్ షిఫ్టుకి బయల్దేరుతున్న నన్ను ఆపింది.

“బిడ్డా, పోయిన బేస్తారం నేను తీసిచ్చినంక దీంట్ల ఎనిమిది గోళీలుండె. ఇప్పుడు ఆరే ఉన్నయ్. నడిమిట్ల ఎవలు తీసిన్రు?”

నేను తీశాను. మంగళవారం నా వీక్లీ ఆఫ్. అమ్మ అడిగితే తీసిచ్చాను. బడికి తయారవుతున్న మా ఆవిడ లోపల్నుంచి వచ్చింది. ఆవిడ టీచరు, ఆదివారం సెలవు. ఆదివారాలు తనే తీసిస్తోంది. గురువారం పొద్దున మేమిద్దరం పనుల హడావిడిలో ఉంటామని, పాత అలవాటు ప్రకారం అమ్మ గోడ దగ్గరికెళ్ళి ఇంటామెని అడిగేది. ఇంట్లో మనిషి కనిపిస్తే అమ్మకి అది ఆఫ్ రోజు, ఆఫ్ రోజంటే మాత్ర రోజు. ఎవరికి వాళ్ళం ఆ వారం మాత్ర మనమే ఇచ్చామని తృప్తి పడుతూ, ముగ్గురం కలిసి వారానికి మూడు ఇస్తున్నాం. ఆ పూటే అమ్మని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నాం. ఆ మాత్ర ఎక్కువయ్యే నోరు పుళ్ళు పడిందని, రక్తకణాలు బాగా పడిపోయాయని, ఇంకో వారం ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నేళ్ళ కీళ్లజబ్బులో ఒంటి బలంతో పాటు జ్ఞాపకం కూడా తగ్గుతూ రావచ్చని, నొప్పి చాటున అది ఇంట్లోవాళ్ళకి కనబడదని నింపాదిగా వివరించింది. అమ్మ దక్కింది. ఇంటామె స్ట్రిప్పు చూడబట్టే దక్కింది. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయడం. అమ్మ ఆ తాళాన్ని చాలాసేపు చూసింది. “నా మాత్ర నేను వేసుకోలేనిదాన్నయిపోయానట్రా?” అంది. నేను తాళంచెవి జేబులో వేసుకున్నాను. నెలన్నర తర్వాత తక్కువ మోతాదులో మాత్ర మళ్ళీ మొదలైనప్పుడు, తీసిస్తే నోరు బిగించుకుని కూర్చుంది. ఆ సంగతి తెలిసి ఇంటామె వచ్చి అమ్మ మంచం మీద కూర్చుంది. తనకీ వారం గోళీ రాశారని, బొక్కల బలానికని, అంటే ఎముకలకని, కొంగులోంచి తీసి చూపించింది.

“నాకు యాదికుంటలేదక్కా. జెర నువ్వే యాది చెయ్యాలె. నువ్వు చెప్తెనే ఏసుకుంట, ఇద్దరం కలిసి ఏసుకుందాం.”

అమ్మ నోరు సడలింది. ఆ రోజు నుంచి రెండు స్ట్రిప్పులూ ఇంటామె దగ్గర, గుర్తుచేసే ఉద్యోగం అమ్మ దగ్గర. అమ్మ రోజూ పొద్దున గోడ దాకా నడిచేది. ఇవాళ గురువారమేనా అని అడిగేది. ఆరు రోజులు ‘ఇంక రాలేదక్కా’ అనేది ఇంటామె. ఏడో రోజు మంచిగ యాది చేసినవ్ అని మెచ్చుకుని, గోడవతలినుంచి వచ్చి రెండు మాత్రలూ తీసేది. కొన్నాళ్ళకి అమ్మ పూటకి నాలుగుసార్లు అడగడం మొదలుపెట్టింది. ఇంటామె నాలుగుసార్లూ అదే గొంతుతో చెప్పేది. నాకైతే రెండోసారికే విసుగొచ్చేది, ఒప్పుకుంటున్నాను. అమ్మ నా పేరు మరిచిపోయింది, ఊరు మరిచిపోయింది. గోడ దగ్గరి ఉద్యోగం మాత్రం నాలుగేళ్ళు చేసింది. పోయిన వానాకాలం, ఒక జ్వరంలో, నిద్రలోనే వెళ్ళిపోయింది.

కర్మకాండలయ్యాక నెల్లాళ్ళకి ఒక గురువారం ఇంటామె గోడ దగ్గర కనిపించింది. మాత్ర వేసుకున్నారా అని ఊరికే అడిగాను. ఆమె కొంగులోంచి స్ట్రిప్పు తీసి నా చేతికిచ్చింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి అందులో ఒక్కటీ తగ్గలేదు.

“మీ అమ్మ అడుగుతలేదు గద బిడ్డా,” అంది. “మొదట్ల ఉత్తగనే అన్న, యాదికుంటలేదని. ఇప్పుడు నిజంగనే ఉంటలేదు.”

అక్కడే నిలబడి ఒక మాత్ర నొక్కి ఆమె అరచేతిలో పెట్టాను, నీళ్ళు తెచ్చిచ్చాను. ఇప్పుడు రోజూ పొద్దున గోడ దగ్గరికి నేనే వెళుతున్నాను. అమ్మ పోయి ఏడాది కావస్తోందంటారు. నా లెక్కలో మాత్రం అది నెలలుగా గడవలేదు, ఒక్కో గురువారంగానే గడిచింది.